గీత మీది చింతగింజ

మా అవ్వకు అనుమానం పుట్టుకతో వచ్చింది. పాలవాడు పాలల్లో నీళ్లు కలుపుతాడని ఊరంతా అనుకుంటే, ఆ నీళ్లు ఏ బావివో అని కూడా ఆమెకు అనుమానమే. బస్సు సరైన వేళకు వచ్చినా, దారిలో ఏదో జరిగే ఉంటుందనేది. నేను పదో తరగతికి వచ్చిన ఏడాది ఆ అనుమానం నా మీదికి తిరిగింది.

అర్ధవార్షిక పరీక్షలో లెక్కల్లో తప్పాను. "పబ్లిక్‌లో గూడా ఇట్లే అయితే చదివింది చాలు, ఇంట్లో ఉండు" అన్నాడు నాయన. ఆయన అన్నాడంటే చేస్తాడు. ఎదురింటి అబ్బాయిది నా క్లాసే, లెక్కల్లో దిట్ట. సాయంత్రం మా అరుగు మీదికి వచ్చి చెప్పేవాడు. వాళ్లది తమిళం. మేము తరతరాలుగా తమిళనాడులో ఈ పాపిరెడ్డిపట్టిలోనే ఉన్నా మా ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా తెలుగు అతనికి ఒక్క ముక్క అర్థం కాదు. అవ్వ పక్కనే కూర్చుని చింతపండులో గింజలు తీసేది. కళ్లు చింతపండు మీద, చెవులు మా మీద.

ఒకరోజు అతను పుస్తకంలోని లెక్క గట్టిగా చదివాడు. "ఇంద కోట్టుక్కు ఇణైయాన కోడు, ఇంద పుళ్ళి వళియాగ సెల్లుం." ఈ గీతకు సమాంతరమైన గీత, ఈ చుక్క గుండా పోతుంది, అని. బడి తమిళంలో సమాంతరానికి మాట ఇణై. అవ్వ ఆ మాట విన్నది మాత్రం పెళ్లిళ్లలోనే. ఇణై పిరియకుండా, అంటే విడిపోకుండా, బతకండని పెద్దలు కొత్త దంపతులను దీవిస్తారు. ఆమెకు ఇణై అంటే జంట.

అతను అటు పోగానే మొదలుపెట్టింది.

"ఏమే, ఇణై ఇణై అంటా ఉండాడే వాడు, ఎవురికి ఎవురు ఇణై?"

"గీతకి గీత అవ్వా. లెక్క."

"గీతలకి పెండ్లేమే? రేపు వాడు వచ్చినప్పుడు నా ముందర సెప్పు. కత సరిగా లేకుంటే వాణ్ణి గడప తొక్కనీయను."

నాయన ఆమె మాట దాటడు. అతను రాకపోతే నేను తప్పుతాను, తప్పితే చదువు సరి. కోపంతో ఏడుపు వచ్చింది. ఒక మాట అర్థం కాక నా బతుకు కుండలో పెట్టి మూత వేస్తుందా ఈ ముసలిది అనుకున్నాను.

మరుసటి సాయంత్రం అతని ఎదురుగానే నోట్‌లో గీత గీశాను. 2x + 3y − 6 = 0. అవ్వ గుట్టలోంచి ఒక చింతగింజ తీసి, గీతకు దూరంగా పెట్టాను.

"ఇది చుక్క అవ్వా. దీని గుండా ఇంకో గీత పోవాల. రెండూ ఒకే వాలు. x ముందర ఉండే అంకె, y ముందర ఉండే అంకె మార్చకూడదు. కడాకి ఉండే అంకె ఒకటే మారతాది." గింజ ఉన్న చోట x ఒకటి, y నాలుగు. అవి వేసి చూస్తే ఆరు పోయి పద్నాలుగు వచ్చింది. రెండో గీత గీశాను.

"ఇవి రెండూ యాడ కలుస్తాయి?"

"కలవవు. ఎంత దూరం పోయినా కలవవు. దాన్నే బళ్లో ఇణై అంటారు."

అవ్వ ముఖం తేటపడింది. "కలవనిదానికి ఆ పేరు పెట్టినోడు ఎవుడో గాని..." అంటూ చింతపండు అందుకుంది. నేను బతికాను అనుకున్నాను. అతను ఏమీ అర్థం కాక ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

అందుకున్న చింతపండు అవ్వ మళ్లీ కింద పెట్టింది. నోట్ మీదికి వంగి, ఒక్క వేలితో గింజను జరిపింది. మెల్లగా, సరిగ్గా మొదటి గీత మీదికి.

"ఇప్పుడో?"

మనసులోనే లెక్క వేశాను. చుక్క ఆ గీత మీదనే ఉంటే కడపటి అంకె కూడా మారదు. రెండో గీత అంటూ వేరే ఉండదు.

"రెండూ ఒకటే అయిపోతాయి అవ్వా."

"సూస్తివా! గింజ యాడ పెడతారో దాన్ని బట్టి ఉండాది. ఎవురే పెట్టేది? వాడా, నువ్వా?"

అంతవరకు నాకు ఆ ఆలోచనే లేదు, ఒట్టు. అప్పుడు వచ్చింది. చెవులు వేడెక్కాయి. తలెత్తితే అతను నన్నే చూస్తున్నాడు.

"పాట్టి ఎన్న సొల్రాంగ?" అవ్వ ఏమంటోంది అని అడిగాడు.

"ఒణ్ణుమిల్ల" అన్నాను. ఏమీ లేదని.

అవ్వకు తమిళం నాకంటే బాగా వచ్చు. గింజ మీది వేలు తీయకుండానే నా ముఖంలోకి చూసింది.