ఆగకూడని చోటు

మొన్న మధ్యాహ్నం పటేల్‌గూడ నుంచి ఒక జంట పరుపు కొనడానికి మా దుకాణానికి వచ్చింది. ఆయన పరుపు మీద కూర్చుని రెండుసార్లు ఎగిరి చూశాడు. ఆమె అంచు కుట్టును గోరుతో గీకి, "అన్నా, మొత్తం దూదేనా?" అని అడిగింది. "మొత్తం దూదేనమ్మా..." అన్నాను, ముప్పై ఏళ్లుగా అంటున్నట్టే. ఆ తర్వాత మామూలుగా అయితే దగ్గుతాను, లేదా నీళ్లు తాగుతాను, లేదా పిల్లలు ఏ బడిలో చదువుతున్నారని ఆరా తీస్తాను. "పైన రెండు పొరలు" అన్న మిగతా ముక్క ఆ సందడిలో ఎటో పోతుంది. అబద్ధమాడినట్టు కాదు, వాక్యం పూర్తి కాలేదు, అంతే. కానీ మొన్న గల్లా పక్కనున్న దబ్బనం కంటపడింది. పరుపులు కుట్టే ఆ పొడుగు సూది మా మేనత్తది. "ఆగినవేందన్నా, చెప్పు," అంది ఆమె. "పైన రెండు పొరలు దూది. లోపలంతా స్పాంజి," అన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, "ఇగ మల్ల వస్తం," అని లేచారు. ఆ మాటకు అర్థం నాకెవరూ చెప్పనక్కర్లేదు.

మేము దూదేకులవాళ్లం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, గిరాకీలతో కొట్లాడేది ఉర్దూ, ఈ మధ్య గడ్డపోతారం ఫ్యాక్టరీల బీహారు కుర్రాళ్లను బతిమాలేది హిందీ. అరబీ మాత్రం చదవడానికే. పటాన్‌చెరులో ముందర దుకాణం, వెనక గదిలో దూది ఏకే మిషను. కాజీపల్లిలో మామ పోయాక మేనత్త మా ఇంటికే వచ్చేసింది. తెల్లవారి నమాజు కాగానే వాడకట్టు పిల్లలందరినీ వరండాలో కూర్చోబెట్టి ఖురాన్ చదవడం నేర్పేది, ఎండెక్కాక మిషను దగ్గరికి వెళ్లేది. రెహల్ అనే మడత చెక్కపీట మీద గ్రంథం, చేతిలో దబ్బనం. కాగితానికి తగలకుండా, వెంట్రుకవాసి ఎడంలో, ఆ సూది మొన అక్షరాల మీద నడిచేది. "చదువు"ను "సదువు" అనే మనిషి అరబీలో ఒక్క అక్షరాన్ని గొంతు దాటి జారనిచ్చేది కాదు. ఉర్దూ మాట్లాడే ఇళ్లవాళ్లు మా తెలుగు నాలుకను చూసి నవ్వేవాళ్లు, ఆమె చదవడం మొదలుపెట్టేదాకా.

అన్నిటికంటే ఆమెకు పట్టింపు ఆగడం మీద. పంక్తుల పైన చిన్న చిన్న గుర్తులుంటాయి: ఇక్కడ ఆగాలి, ఇక్కడ ఆగినా పర్వాలేదు, ఇక్కడ ఆగొద్దు. "దుకాణపోళ్ల పిల్లలకు యాడ మొదలువెట్టాల్నో సెప్పే పన్లేదు. యాడ ఆగాల్నో సెప్పాలె," అనేది. ఒక చిన్న సూరాలో, అంటే అధ్యాయంలో, నమాజు చేసేవాళ్లకు నాశనం తప్పదని ఒక మాట వస్తుంది. అక్కడ ఊపిరి తీసుకుంటే కొంప మునుగుతుంది. ఆ నమాజును పట్టించుకోకుండా చేసేవాళ్లకు, అని తర్వాతి మాటతో కలిపితేనే అర్థం నిలబడుతుంది. "అయితే చేయకుంటేనే లాభం గదా అత్తా?" అన్నాను నేను, అప్పటికే బేరగాణ్ని. దబ్బనం వెనకవైపుతో మోకాలి మీద ఒక్కటిచ్చింది. "ఊపిరి చాలకుంటే ఆగు బిడ్డా, తప్పులేదు. కని ఆడికెల్లి ముందల్కి పోకు. నాల్గు మాటలు ఎనక్కి పోయి, అర్థం తెగకుంట మల్ల అందుకో." ఆ సూరా చివర, పక్కవాళ్లు అడిగిన చిన్నపాటి వస్తువు కూడా ఇవ్వనివాళ్ల ప్రస్తావన ఉంటుంది. దాన్ని ఆమె ఉప్పు, సూది, చేద అని మాకు విడమరిచి చెప్పేది. నేను ఆ పాఠంలో ఆగే విద్యను మాత్రం నేర్చుకుని దుకాణంలో వాడుకున్నాను.

అలాంటి మనిషి నన్ను అడిగిన వస్తువు ఒక్కటే. "అయ్యా, ఎనక రూముల నుసి బయటికి గుంజే ఫ్యాన్ ఒకటి పెట్టియ్‌రా. అంత నోట్లెకే పోతున్నది." "పెట్టిస్త అత్తా..." అన్నాను. సీజన్ అయినంక, అన్న ముక్కను గొంతులోనే ఉంచుకున్నాను. సీజన్లు చాలా అయ్యాయి. ఒకసారి నిజంగానే సంగారెడ్డి వెళ్లి ఫ్యాన్ బేరం చేశాను. మా బేరాల విద్యలో పరాకాష్ట లేచి వెళ్లిపోవడం. వెనక్కి చూడకుండా నాలుగు అడుగులు వేస్తే ఐదో అడుగుకు దుకాణదారే పిలుస్తాడు. ఆయన పిలవలేదు. నాలాంటివాడే అయ్యుంటాడు. ఐదు, ఆరు, ఏడు వేశాను. అంత దూరం నడిచాక తిరిగి వెళ్తే పరువేం కావాలని బస్సెక్కాను. పరువు భద్రంగా ఇల్లు చేరింది, ఫ్యాన్ చేరలేదు.

ఏటా రంజాన్ నెలలో ఆమె ఖురాన్ ముప్పై భాగాలూ గొంతెత్తి చదివి ముగించేది. ఆఖరి ఏడాది, ఒక ఊపిరిలో అయ్యే ఆయతుకు, అంటే ఒక్క వాక్యానికి, నాలుగు ఊపిరులు పట్టాయి. ఊపిరి తెగిన ప్రతిచోటా నియమం ప్రకారం వెనక్కి వెళ్లేది. మూడు మాటలు ముందుకు, రెండు మాటలు వెనక్కి. ఊపిరి తగ్గేకొద్దీ చదవాల్సింది పెరుగుతోంది. "మనసుల సదువుకో అత్తా, అల్లాకు వినవడదా?" అని అక్కడా బేరం పెట్టాను. "ఆయనకు వినవడ్తది. నా శెవులకు వినవడాలె గద," అంది. పండుగ వచ్చి వెళ్లింది. ఆమె ఇంకా ఇరవై రెండో భాగంలోనే ఉంది. "ముగిస్త. జెర ఆలస్యం, గంతే," అనేది.

సంగారెడ్డి ఆస్పత్రిలో డాక్టరు నన్ను పక్కకు పిలిచి, దూది నుసీ ఇక్కడి ఫ్యాక్టరీల గాలీ కలిసి లోపల పేరుకున్నాయన్నాడు. మందులతో దగ్గు తగ్గుతుంది, ఊపిరి మాత్రం తిరిగి రాదన్నాడు. బయట బెంచీ మీద ఆమె ఎదురుచూస్తోంది. "దగ్గు తగ్గుతదన్నడు అత్తా," అన్నాను. అన్నాక నీళ్ల సీసా మూత తిప్పుతూ నిలబడ్డాను. ఆమె నా మొహాన్ని పంక్తిని చూసినట్టే చూసింది. "ఆగొద్దన్న కాడ ఆగినవ్ బిడ్డా. ఎనక్కి పోయి మల్ల అందుకో." "ఆటో వచ్చింది, లే," అన్నాను. దారి పొడుగునా ఆమె మళ్లీ అడగలేదు. నేను ఆ వాక్యం పూర్తి చేయలేదు.

మర్నాడే వెళ్లి, అదే దుకాణంలో, ఆయన చెప్పిన ధరకే ఫ్యాన్ తెచ్చి బిగించాను. అప్పటికి ఆమె ఆ గది గడప దాటే స్థితిలో లేదు. మంచంలో పడుకుని దాని చప్పుడు విని, "మంచిగ తిరుగుతున్నది," అంది. ఇరవై ఆరో భాగంలో, ఒక ఆయతు నడుమ, ఆమె చదవడం ఆగిపోయింది. దబ్బనం ఆ పేజీలోనే ఉంది. అక్కడ గుర్తుగా దారప్పోగు పెట్టి, దాన్ని గల్లా దగ్గరికి తెచ్చుకున్నాను.

వెనక గది ఇప్పుడు ఖాళీ. ఏకిన దూది ఎవరికీ అక్కర్లేదు, మిషను అమ్మేశాను. అలవాటుగా ఫ్యాన్ వేస్తాను. అది గదిలో లేని నుసిని బయటికి లాగుతూ ఉంటుంది. మొన్న ఆ జంట వెళ్లాక గ్రంథం తెరిచి, ఆమె ఆగినచోటి నుంచి ముగిద్దామని కూర్చున్నాను. అందుకోవాలంటే ముందు వెనక్కి వెళ్లాలి. ఎన్ని మాటలు వెళ్లాలో తేలలేదు. అర్థం ఎక్కడ మొదలవుతుందో నేనెప్పుడూ నేర్చుకోలేదు. మూసి పెట్టేశాను. గ్రంథం నాలుగు మాటలు వెనక్కి రానిస్తుంది. కాలం మాత్రం ఆ సంగారెడ్డి దుకాణదారు లాంటిది, ఎన్ని అడుగులు వేసినా వెనక్కి పిలవదు.