అద్దాల మేడకు పసుపు బొట్టు

హైదరాబాద్‌లోని ఆ అద్దాల మేడలో మా అత్తకు ఒక్క ఇటుక వాటా కూడా లేదు. ఈ మాట నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. వాన పడితే వాన గురించి, చదివిన పుస్తకం గురించి, ఆఫీసులో ఎవరైనా కాస్త గట్టిగా మాట్లాడితే దాని గురించి కూడా డైరీలో రాసుకునేదాన్ని, ఆ రోజు పేజీలో మాత్రం పెళ్ళికి వెళ్ళామనీ, ఎండ ఎక్కువగా ఉందనీ రాసి ఊరుకున్నాను. నిన్న పొద్దున నిడదవోలు నుంచి అత్త ఫోను చేసింది. అప్పటి నుంచి ఆనాటి ఎండ మళ్ళీ నా నెత్తి మీదికి వచ్చినట్టుంది.

అత్త అంటే మా నాన్నగారి అక్క. మావయ్య పోయాక నిడదవోలు బజారులో పూజాసామగ్రి కొట్టు ఒంటిచేత్తో నడుపుతోంది. పిల్లలు లేరు. కొట్టూ, దాని వెనకున్న రెండు గదుల ఇల్లూ అద్దెవే. మా వ్యాపారస్తుల ఇళ్ళల్లో కొత్తగా ఏది వచ్చినా, అది కాటా కానివ్వండి, ఫ్రిజ్ కానివ్వండి, పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేదాకా అది మనది అనుకోరు. అత్త మరీనూ. కొట్లో కార్డు గీకే మెషీనుకి కూడా బొట్టు పెట్టింది. కుంకుమ లోపలికి పోయి అది మొరాయిస్తే బ్యాంకువాళ్ళు చీవాట్లు పెట్టి ఇంకోటి ఇచ్చారు, దానికీ పెట్టింది.

ఆరేడేళ్ళ కిందట నేను డిగ్రీ అయ్యాక రాజమండ్రిలో ఒక ఆడిటరు గారి ఆఫీసులో చేరాను. అత్త పన్ను లెక్కలు చూసేదీ ఆయనే. అరవై దాటాక నెలనెలా ఏదో ఒకటి చేతికందేలా పింఛను ఖాతా తెరవమనీ, అందులో వేసేదానికి మామూలు మినహాయింపు కాక అదనంగా ఇంకొంత పన్ను తగ్గుతుందనీ ఆయన అత్తకు చెప్పారు. అయితే ఆ ఖాతాలో డబ్బు ఎటు వెళ్ళాలో మనమే ఎంచుకోవాలి. షేర్లలో ఎంత, ప్రభుత్వ బాండ్లలో ఎంత, ఇంకా కావాలంటే ఓ చిన్న భాగం పెద్ద పెద్ద ఆఫీసు భవనాలు కట్టి అద్దెలు పంచే సంస్థల్లో ఎంత అని. ఆ వివరాలన్నీ చదివి అత్తకు చెప్పే పని నాకు అప్పజెప్పారు. నలుగురిలో నోరు విప్పలేని పిల్లనని మా ఇంట్లో నన్నెప్పుడూ ఏదీ అడిగేవారు కాదు. మొదటిసారి ఒక పెద్దావిడ నా ఎదురుగా కూర్చుని, నేను చెప్పేది చెవులప్పగించి వింటోంది. ఆ సంతోషం ఎంత చెడ్డదో అప్పుడు నాకు తెలియదు.

నిజానికి అత్త మనసు రాజమండ్రి దగ్గర కోరుకొండ రోడ్డులో కొత్తగా వేసిన లేఅవుట్‌లో ఒక స్థలం మీద ఉంది. నన్ను కూడా తీసుకెళ్ళి చూపించింది. చెప్పులు విడిచి ఆ మూల నుంచి ఈ మూలకి నడిచి, గుప్పెడు మట్టి తీసి వాసన చూసి, "ఇక్కడ రెండు గదులు వేసుకుంటే పొద్దున్నే గుమ్మంలోంచే కొండ మీద స్వామికి దణ్ణం పెట్టుకోవచ్చే" అంది. రెండూ చేసే స్తోమత ఆవిడకు లేదు. స్థలం అద్దె తేదనీ, పన్ను తగ్గించదనీ, పింఛను ఖాతాలో ఊరి స్థలం పెట్టుకునే వీలు లేదనీ నేను పుస్తకంలో చదివినట్టే చెప్పాను. అవన్నీ నిజాలే. అత్త అంతా విని, "కనపడని దానికి బొట్టెక్కడ పెట్టనే అమ్మడూ" అంది. ఖాతాలో భవనాల భాగం కూడా ఉందిగా అన్నాను. ఆ ఒక్క ముక్క మాత్రం ఆవిడ గట్టిగా పట్టుకుంది. ఖాతా తెరిచి కొద్దిగా వేసింది గానీ, స్థలం మీద ఆశ ఇంకా వదల్లేదు.

ఆ వేసవిలోనే బంధువుల పెళ్ళికని ఇద్దరం హైదరాబాద్ వెళ్ళాం. కిక్కిరిసిన సిటీ బస్సులో, రోడ్డుకి రెండు వైపులా అద్దాల మేడలు లేస్తున్న చోట, అత్త బస్సంతా వినపడేలా "వీటిలో మనదేదే?" అని అడిగింది. అందరూ తిరిగి చూశారు. మన డబ్బు ఏ మేడలోకి వెళుతుందో మనం ఎంచుకోలేమనీ, అదంతా ఎక్కడో కూర్చున్నవాళ్ళు చూసుకుంటారనీ అంతమంది ముందు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆవిడ రెండోసారి ఇంకాస్త గట్టిగా అడిగేసరికి, ఎదురుగా ఉన్న మేడ వైపు వేలు చూపించాను. ఎవరికీ వాటాలివ్వకుండా దాన్ని తన సొంతానికే కట్టుకున్న కంపెనీ పేరు దాని నెత్తి మీద ఇంగ్లీషులో పెద్ద పెద్ద అక్షరాలతో ఉంది. నాకు ఇంగ్లీషు వచ్చు, అత్తకు రాదు.

అక్కడితో ఆగుతుందనుకున్నాను. అత్త తర్వాతి స్టాపులో నన్ను దింపేసి, వెనక్కి నడిపించి, గేటు పక్క గోడ దగ్గర నిలబడి, పెళ్ళికని తెచ్చిన పసుపూ కుంకుమా సంచిలోంచి తీసింది. పెద్దవయసు వాచ్‌మన్ ఒకాయన పరుగున వచ్చాడు.

"ఏంటమ్మా, గోడకి ఏం రాస్తున్నారు?"

"మాదేనండి ఇది" అంది అత్త.

"ఈ బిల్డింగు మీదా?"

"అంతా కాదులెండి. కొంచెం."

ఆయన నవ్వాపుకోలేక, "అయితే నా జీతం సంగతి కూడా కాస్త చూడండి మేడమ్ గారూ" అన్నాడు. అత్త నవ్వలేదు. "నా చేతిలో ఏముంది బాబూ, నాది బాగా చిన్న వాటా. అయినా మా అమ్మడితో చెప్పిస్తాను, అదే చదువుకుంది" అని నా వైపు చూసింది. ఆయన నవ్వుకుంటూ గేటు వైపు వెళ్ళాక, గోడకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. నిజం చెప్పడానికి ఆ రోజు రాత్రి తిరుగు రైల్లో నిడదవోలు దాకా బోలెడు సమయం ఉంది. కిటికీ పక్కన కూర్చుని పుస్తకం తెరిచి చదువుతున్నట్టు నటించాను.

తర్వాతి వారం అత్త ఆ స్థలం వద్దని కబురు పంపేసింది. ఏటేటా డబ్బు ఖాతాలోకే వేసింది. లెక్క ప్రకారం చూస్తే నేను చెడ్డ సలహా ఏమీ ఇవ్వలేదు, ఖాతా బాగానే పెరిగింది. కానీ అత్త ఎంచుకున్నది నా లెక్కను కాదు, నేను వేలు చూపించిన గోడను.

ఇప్పుడు ఆఫీసులో ఇలాంటి ఖాతాలు నేనే చూస్తున్నాను. వచ్చేవాళ్ళంతా ఫోను ముందు పెట్టి, ఎక్కడ నొక్కాలమ్మా అని అడిగి, నొక్కేసి వెళ్ళిపోతారు. మన డబ్బు ఏ ఊళ్ళో ఉంది, ఏ గోడలో ఉంది, ఒకసారి చూపించమని ఎవరూ అడగరు. అడిగే కాలం అత్తతోనే అయిపోయిందేమో. అడిగిన ఆ ఒక్క మనిషికీ నేను అబద్ధం చూపించాను.

నిన్న ఫోనులో అత్త చెప్పిందేమిటంటే, ఇంటివాళ్ళు కొట్టూ ఇల్లూ పడగొట్టి కాంప్లెక్సు కడతారట, మూడు నెలల్లో ఖాళీ చేయమన్నారట. అరవై నిండటానికి ఆవిడకింకా మూడేళ్ళుంది. ఇల్లు కొనుక్కోవడానికని ముందే కొంత తీసుకునే వీలుంది గానీ, ఆ కొంతతో ఈ రోజు కోరుకొండ రోడ్డులో ప్రహరీ గోడ కూడా లేవదు. ఏం చేస్తావత్తా అని అడిగాను. గొంతులో దిగులేమీ లేదు. కొట్లో బేరం ఆడేటప్పటి గొంతే అది.

"మన మేడలో ఓ చిన్న గది ఉందేమో కనుక్కోవే అమ్మడూ. ఊరికే వద్దు, అద్దె ఇస్తాను. బొట్టు పెట్టినవాళ్ళం కదా, కాస్త తగ్గించమను."