స్కానర్ దగ్గర బోనం

"చెప్పుల సంచులు పోయే మిషిన్ల నా బోనం పెట్టాల్నా? అమ్మవారి నైవేద్యం ఇది!"

"పెట్టకపోతే లోపలికి పోనియ్య. దీపం సుత ఆర్పాలె. రూలమ్మా, నా కొలువు పోతది."

పోయిన ఏడు ఆషాఢంలో ఒక ఆదివారం పొద్దున, సికింద్రాబాద్ మెట్రో స్టేషన్‌లో, సామాన్లు తనిఖీ చేసే స్కానర్ దగ్గర జరిగిన జగడమిది. ఒకవైపు సెక్యూరిటీ పిల్ల. ఇంకోవైపు రాంగోపాల్‌పేట్ నుంచి నడిచొచ్చిన సత్తెమ్మ. నెత్తిన పసుపు పూసిన కుండ, చుట్టూ వేపమండలు, పైన వెలిగే ప్రమిద.

నేనక్కడ హౌస్‌కీపింగ్‌లో ఉన్నాను. అంటే ఊడ్చడం, మాప్ పెట్టడం, బాత్రూంలు కడగడం. నాలుగో తరగతి చదువుకు, ఈ వయసుకు దొరికిన పని.

సత్తెమ్మ కూతురికి కాన్పు కష్టమైందట. తల్లీబిడ్డా బతికితే పుట్టింటి అమ్మవారికి బోనమెత్తుతానని మొక్కుకుంది. ఆ గుడి పాతబస్తీలో. పండుగకని రోడ్లు మూశారు, ఆటోలు లేవు. మెట్రో ఒక్కటే దారి.

చివరికి సెక్యూరిటీ పిల్లే మెత్తబడింది. "మిషిన్ల వద్దులే. దించి, దీపం ఆర్పి చూపియ్యి, చాలు. నేను బూట్లతోని ముట్టరాదు."

సత్తెమ్మ నావైపు తిరిగింది. "అక్కా, జెర చెయ్యి పట్టు."

"నేను ముట్టనమ్మా. ఇప్పుడే బాత్రూంలు కడిగొచ్చిన."

"చేతులు కడుక్కున్నవు గద! పట్టక్కా, మెడ గుంజుతుంది."

"ఆ పాపం నాకొద్దు. తానం చేసినోళ్లు ఎవరన్నా రానీ, ఆగు."

స్నానం చేసినవాళ్లే బోనం ముట్టాలని మా అత్త నేర్పింది. నేను వెనక్కి జరిగాను. సత్తెమ్మ మోకాళ్లు వంచి తానే దించబోయింది. ముందు ప్రమిద జారింది. దాన్ని పట్టబోతే కుండ జారింది.

"తల్లీ" అంది సత్తెమ్మ. అంతే.

స్టేషన్‌లో నేలమీద ఏది పడ్డా ఎత్తేది మేమే. నైవేద్యాన్ని మాప్‌తో తుడవడానికి మనసు రాలేదు. కుండ పట్టడానికి పనికిరావనుకున్న చేతులతోనే పరమాన్నం మెతుకు మెతుకూ ఏరాను. సత్తెమ్మ కూడా పక్కన కూర్చుని ఏరింది.

"ఇప్పుడు ముడుతున్నవు గదక్కా" అంది. తిట్టినట్టు కూడా లేదు. ఆరిన ప్రమిదను కొంగున కట్టుకుని, రైలెక్కకుండానే మెట్లు దిగి వెళ్లిపోయింది.

మరునాడు పొద్దున చూస్తే టైల్స్ సందుల్లో పసుపు అలాగే ఉంది. సూపర్‌వైజర్ యాసిడ్ సీసా ఇచ్చి కడగమన్నాడు. నేనెప్పుడూ మూతలో సగమే వాడతాను. ఆ పొద్దున సీసా ఖాళీ అయింది. పసుపు పోయింది.