సఫియా చేతులు కట్టుకున్న పొద్దు

మస్కట్‌లో, అజైబా ఆసుపత్రి వరండాలో సఫియా చెవిన పడ్డ మొదటి తెలుగు మాట ఒక తిట్టు. డాక్టరు గది ముందు ఒక నర్సు గోడవైపు తిరిగి ఫోన్లో మొగుణ్ణి దులిపేస్తోంది.

"గ్యాస్ బంద్ చేసినవా లేదా? యాదికి లేదా? ముప్పై ఆరేండ్లకే గిట్లయితే నిన్ను గూడ మా డాక్టర్ ముందల కూసోబెట్టాలె!"

సఫియా నవ్వాపుకోలేకపోయింది. నర్సు గిరుక్కున తిరిగింది.

"తెలుగామెవా అక్కా?"

"మాది రాయచోటి మా. ఇంట్లో తురకమాట, వాకిలి దాటితే తెలుగే."

"మాది జగిత్యాల. నా పేరు నవీన. పెద్దామెను చూపియ్యనీకి వచ్చిన్రా?"

పెద్దామె సఫియా పక్కనే కూర్చుని ఉంది. డెబ్బై ఎనిమిదేళ్ల ఒమానీ ఆవిడ. ఊళ్లో ఆమె పేరేదైనా కానీ, సఫియాకు మాత్రం పందొమ్మిదేళ్లుగా ఉమ్మీ. అంటే అమ్మ. అటుపక్కన ఉమ్మీ కూతురు మదీహా, ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చింది. ఈమధ్య తల్లి అడిగిందే అడుగుతోందని అనుమానమొచ్చి తీసుకొచ్చింది.

ఆ పందొమ్మిదేళ్ల సంగతి కొంచెం చెప్పుకోవాలి. మొగుడు దస్తగిర్ జ్వరంతో పోయేనాటికి సఫియా కూతురు అరీబాకు ఆరేళ్లు. పిల్లను తల్లి దగ్గర వదిలి సఫియా ఇంటిపనికి ఒమాన్ వచ్చింది. చేరింది సరిహద్దు ఊరు బురైమిలో, ఉమ్మీ ఇంట్లో. అరబ్బీ ముక్క రాదు. పనికొచ్చిన కొత్తలో అరుపులు, చీవాట్లు ఎట్లుంటాయో తోటి ఆడోళ్లు విమానంలోనే చెప్పి భయపెట్టారు. ఉమ్మీ అరవలేదు. ఉల్లిగడ్డ తీసి సఫియా చేతిలో పెట్టి "బసల్" అంది. అంతే. తర్వాత ఏ పని చెయ్యాలో ఆ పనికి కావలసింది ముందే ఎదురుగా ఉండేది. గరిటె గిన్నె పక్కన, దాని కాడ సఫియా వైపు. చీపురు వాకిలికి ఆనించి. ఆర్నెల్లు తిరిగేసరికి సఫియాకు పనీ వచ్చింది, మాటా వచ్చింది. ఎప్పుడు వచ్చాయో ఆమెకే తెలియదు. చుట్టాలెవరైనా మెచ్చుకుంటే ఉమ్మీ ఒకటే మాట చెప్పేది: "నేనేం నేర్పలేదు. అంతా తనే నేర్చుకుంది."

ఎనిమిదేళ్ల కింద ఉమ్మీ భర్త పోయాక మదీహా ఇద్దరినీ అజైబాలోని తన ఇంటికి తెచ్చుకుంది.

ఇప్పుడు పరీక్ష. మొదటి కాగితం ఉమ్మీకే. ముప్పై మార్కులు. ఇది ఏ సంవత్సరం, ఏ నెల, మనం ఏ అంతస్తులో ఉన్నాం, నేను చెప్పిన మూడు మాటలు మళ్లీ చెప్పు, గడియారం బొమ్మ గియ్యి. నవీన అరబ్బీలో మెల్లగా అడిగింది. ఏ సంవత్సరమంటే ఉమ్మీ హుందాగా నవ్వి, "ఆ మాత్రం నీకు తెలియదా బిడ్డా?" అంది. గడియారానికి గుండ్రంగా ఒక గీత గీసి, కలం తీసి సఫియాకు ఇచ్చింది. పదకొండు మార్కులు వచ్చాయి.

రెండో కాగితం ఇంట్లోవాళ్లను అడిగి నింపేది. జ్ఞాపకం, ఏ రోజో ఎక్కడున్నామో తెలియడం, మంచిచెడ్డ తేల్చుకోవడం, బయటి పనులు, ఇంటి పనులు, ఒంటి పనులు. ఇట్లా ఆరు గళ్లు. బాగుంటే సున్న, కొంచెం అనుమానమైతే అర, అక్కణ్నుంచి ఒకటి, రెండు, మూడు. మూడంటే మనిషి పూర్తిగా ఇతరుల మీదే ఆధారం.

"బట్టలు తనే తొడుక్కుంటుందా?"

"తనే," అంది సఫియా.

"నమాజు?"

"ఐదు పూటలా. ఒక్కటి తప్పదు."

"వచ్చినవాళ్లను గుర్తుపడుతుందా?"

"పేరు పెట్టి పిలుస్తుంది."

మదీహా ప్రతిదానికీ తలూపింది. ఆమె కళ్ల ముందు జరిగేదీ అదే. నవీన రాసుకుంటూ పోయింది. ఈ కాగితంలో తేలింది అర. ఆ కాగితంలో పదకొండు, ఈ కాగితంలో అర. నవీన రెండింటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

మందుల చీటీ కోసం మదీహా లోపలికి వెళ్లినప్పుడు నవీన సఫియా పక్కన కూర్చుంది.

"అక్కా, నేనేమడిగినా పెద్దామె నీ దిక్కే తల తిప్పింది. చూసినవా?"

"నా మొగం చూడ్డం అలవాటు మా."

"నువ్వు లేనినాడు ఎవరి మొగం చూస్తది?"

ఈ నెల ఇరవై రెండున సఫియాకు చెన్నై టికెట్ ఉంది. అరీబాకు తొలికాన్పు. నలభై రోజుల సెలవు. మూడేళ్ల తర్వాత కూతురి మొహం చూడబోతోంది. ఉమ్మీకి పెద్దగా ఏమీ లేదన్న ధైర్యంతోనే మదీహా పొద్దున పూట వచ్చిపోయే మనిషిని మాట్లాడుకుంది. మధ్యాహ్నం నుంచి ఉమ్మీ ఒక్కతే ఉంటుంది.

"నేను అబద్ధం చెప్పలే మా. అల్లా తోడు."

"అబద్ధమని నేననలే. జర ఒక్కసారి నీ కండ్లతోని నువ్వే చూడు. శనివారం ఇంటికొస్త. పొద్దున పెద్దామె లేచినకాణ్నుంచి నువ్వు చెయ్యి కదిలియ్యొద్దు. పడబోతే నేను పట్టుకుంట."

ఆ మూడు రోజులూ సఫియాది ఒకటే లెక్క. ఉమ్మీకి జబ్బు ముదిరిందని తేలితే సెలవు పోతుంది. కాన్పు గదిలో అరీబా పక్కన తల్లి ఉండదు. తేలకపోతే, ఉమ్మీ ఈ ఇంట్లో సగం రోజు ఒంటరి. శుక్రవారం అరీబా ఫోన్ చేసి, "అమ్మీ, సంచి సర్దుకున్నావా?" అని అడిగితే ఏదో గొణిగి పెట్టేసింది.

మదీహాతో ముందే మాట్లాడుకుని, శనివారం ఏడింటికి నవీన వచ్చింది. సఫియా స్టూలు మీద కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది.

ఉమ్మీ లేచింది. వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్లింది. బ్రష్షు ఉంది, పేస్టు ఉంది. రోజూ అయితే బ్రష్షు తడిపి, పేస్టు వేసి, కాడ తన వైపు పెట్టి ఉంటుంది. ఇవాళ అది గ్లాసులో నిలబడి ఉంది. ఉమ్మీ దాన్ని తీసి, అటూ ఇటూ తిప్పి, మళ్లీ జాగ్రత్తగా గ్లాసులోనే పెట్టేసింది. బీరువా తెరిచింది. రోజూ మంచం మీద తొడుక్కునే వరసలో మూడే మూడు బట్టలు ఉంటాయి. ఇవాళ బీరువా నిండా గుడ్డలు. ఒక్కోదాన్నీ వేళ్లతో తాకింది. తలుపు మూసింది. రాత్రి తొడుక్కున్న గౌనుతోనే మంచం అంచున కూర్చుంది.

పొయ్యి మీద పాలు పొంగుతుంటే చూస్తూ ఊరుకున్నట్టుంది సఫియాకు. చేతులు పైకి వస్తున్నాయి, ఆమె అదిమి పెడుతోంది.

"నిన్న కూడా తనే వేసుకుందే," అంది మదీహా గుమ్మంలో నిలబడి.

అక్కడ నిలబడలేక మదీహా నర్సుకు కాఫీ తెస్తానని వెళ్లింది. దల్లా అనే ముక్కు కాఫీ కూజా, చిన్న కప్పులు, ఖర్జూరాలు పళ్లెంలో పెట్టి హాల్లోకి తెచ్చింది. నవీన సఫియాను కూడా హాల్లోకి తీసుకొచ్చి సోఫాలో కూర్చోబెట్టింది. కాసేపటికి ఉమ్మీ వచ్చింది. వచ్చి, సఫియాను చూసి ఆగిపోయింది.

పందొమ్మిదేళ్లలో పొద్దున పూట సఫియా ఉత్త చేతులతో కూర్చోవడం ఆమె చూడలేదు. ఆ ఇంటి హాల్లో పని లేకుండా కూర్చునేది ఎవరు? చుట్టాలే.

ఉమ్మీ నడుము నిటారైంది. ఎడమచేత్తో దల్లా అందుకుంది, కుడిచేత్తో కప్పు. సన్నని ధార, కప్పులో మూడో వంతు దాకా పోసి, ఒక్క చుక్క తొణకకుండా సఫియాకు అందించింది. "రండి, రండి. దారిలో ఎండ ఎక్కువగా ఉందా? ఇంట్లో అందరూ కులాసానా? పిల్లలు? ముసలివాళ్లు? ఈ ఏడు ఖర్జూరం బాగా కాసిందా?" ఒమానీ ఇళ్లల్లో అడగాల్సిన కుశలప్రశ్నలన్నీ, ఒకదాని వెంట ఒకటి, ఎక్కడా తడబడకుండా. ఇది ఏ సంవత్సరమో చెప్పలేని మనిషి.

నవీన కలం ఆగిపోయింది.

సఫియా తాగింది. ఉమ్మీ మళ్లీ పోసింది. సఫియా మళ్లీ తాగింది. చాలనుకున్న చుట్టం కప్పును అటూ ఇటూ ఊపాలి. ఊపేదాకా పోస్తూ ఉండటం ఇంటివారి మర్యాద. ఆ సంగతి సఫియాకు తెలియక కాదు. అట్లా ఊపిన కప్పులు లెక్కలేనన్ని ఆమె చేత్తోనే అందుకుంది. కానీ చుట్టంగా కూర్చుని తను ఊపింది ఎన్నడూ లేదు. మూడో కప్పు. నాలుగో కప్పు. ఉమ్మీ మొహం వెలిగిపోతోంది. సఫియా కళ్లు కారిపోతున్నాయి.

"అక్కా, కప్పు ఊపు. ఊపకపోతే రాత్రిదాక పోస్తనే ఉంటది," అంది నవీన గుసగుసగా.

"ఊపబుద్ధి కాలేదు మా."

ఐదో కప్పు తాగి ఊపింది. ఉమ్మీ తృప్తిగా కప్పు అందుకుంది. అందుకుని అట్లాగే నిలబడిపోయింది. ఒక చేతిలో దల్లా, ఒక చేతిలో కప్పు. తర్వాత ఏమిటో తెలియదు. మెల్లగా తల సఫియా వైపు తిరిగింది.

సఫియా లేవలేదు. మాట్లాడలేదు. కప్పు అందుకోనూ లేదు. బల్ల మీద పళ్లేన్ని వేలితో ఒక్క అంగుళం ఉమ్మీ వైపు జరిపింది, అంతే. ఉమ్మీ చూపు పళ్లెం మీద పడింది. కప్పు పెట్టింది. దల్లా పెట్టింది.

"తనే పెట్టింది," అంది మదీహా. అన్నాక ఆ మాట తన చెవికే మరోలా వినబడినట్టు సఫియా వేలి వైపు చూసింది.

"ఇగో, గిదే," అంది నవీన. "ఈ అంగులం రాయనీకి నా కాగితంల గడి లేదక్కా. తొమ్మిదేండ్ల నుంచి ఈ పని చేస్తున్న. ఇసొంటిది నేనెన్నడు చూడలే."

సఫియా కూడా నమ్మలేకుండా ఉంది. తన వేలినే చూసుకుంటోంది. అప్పుడు బురైమి వంటిల్లు కళ్లకు కట్టింది, తన వైపు తిరిగి ఉన్న గరిటె కాడ. ఈ విద్య తనది కాదు. ఎవరు నేర్పారో వాళ్లకే అప్పజెబుతోంది, తెలియకుండానే.

"మళ్లీ రాసుకో మా. ఈసారి అంతా చెప్తా," అంది. మదీహాకూ అర్థం కావాలని అరబ్బీలోకి మారింది. "బట్టలు, వరసగా ఒక్కొక్కటే పెడితే తొడుక్కుంటుంది. నమాజులో పక్కనే నిలబడి నేను అర ఊపిరి ముందు వంగుతాను, అర ఊపిరి ముందు లేస్తాను. లేకపోతే లెక్క తప్పుతుంది. ఎవరైనా వస్తే గుమ్మంలోనే గట్టిగా పేరు చెప్పి పిలుస్తాను. అది విని ఆమె పిలుస్తుంది. తప్పు నాదే మేడం. దాచాలని కాదు. నాకూ ఇవాళే తెలిసింది."

నవీన అర కొట్టేసి రెండు రాసింది. మదీహా తల్లి పక్కన కూర్చుని ఆ అంకెను చూస్తూ ఉండిపోయింది. ఇక టికెట్ మాట వస్తుంది అనుకుంది సఫియా.

"ఇరవై రెండున నువ్వు వెళ్తావు," అంది మదీహా చివరికి. "నలభై రోజులూ నేను సెలవు పెడతాను. నీకు అమ్మ ఆర్నెల్లు నేర్పింది. నాకు ఎన్నాళ్లుంది?"

"పదిహేడు రోజులు మేడం."

"అయితే రేపే మొదలుపెట్టు."

మదీహా మంచి శిష్యురాలేం కాదు. మొదటిరోజు తల్లికి గౌను తనే తొడిగేసింది. రెండోరోజు, "అమ్మా, ఇది తొడుక్కో, ఇది ముందు, అది తర్వాత," అని ఊదరగొట్టింది. ఉమ్మీ విసుక్కుని స్నానాల గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది.

"మీకు నోరెక్కువ మేడం," అంది సఫియా. ఉమ్మీ దగ్గర తప్ప ఆ ఇంట్లో ఇంకెవరిముందూ ఆమె అట్లా మాట్లాడి ఎరగదు. "నోరు మూసుకోండి. బట్ట పెట్టి, పక్కకు తిరగండి."

ఇరవై ఒకటిన, సాయంకాలం నమాజుకు ముందు, ఉమ్మీ అన్న కొడుకు బిలాల్ వచ్చాడు. గుమ్మంలో మదీహా గొంతు వినబడింది. "ఓహో, బిలాల్ వచ్చాడే!" ఉమ్మీ లోపలినుంచి, "రా బిలాల్!" అంది. సఫియా వంటింటి గుమ్మంలో స్టూలు మీద, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుని ఉంది.

"అత్తా, నేనొచ్చి ఎన్నాళ్లయిందో చెప్పు చూద్దాం," అన్నాడు బిలాల్ నవ్వుతూ.

ఉమ్మీ నవ్వింది. ఆమె తల మెల్లగా తిరిగింది. వంటింటి వైపు కాదు, మదీహా వైపు.

సఫియా చేతులు బయటికి తీసుకుని, చీర కుచ్చెళ్లు సవరించుకుని, సంచి సర్దుకోవడానికి గదిలోకి వెళ్లింది.