చంద్రయ్య ఇంజనులో టైంపీసు స్ప్రింగు

అది 1942. గద్వాలలో కోటకు వెళ్లే దారిలో నాది గడియారాలు బాగుచేసే చిన్న దుకాణం. సన్నని పని చేసేవాడికి ఓపిక ఎక్కువని అందరూ అనుకుంటారు. నాకు మాత్రం మొదటినుంచీ తక్కువే. చేతిలో పని ఉన్నంతసేపే నిమ్మళం. స్క్రూడ్రైవర్ కింద పెట్టగానే కాలు ఊగడం మొదలవుతుంది. ఆ కాలు ఏడాదిపాటు ఆగకుండా ఊగిన సంగతి ఇది.

చంద్రయ్య పట్టుచీరలు నేసేవాడు. ఆయన చీరలు బొంబాయిలో ఒక వ్యాపారికి వెళ్లేవి. ఆ వ్యాపారిని బతిమాలి సీమ నుంచి, అంటే ఇంగ్లండు నుంచి, ఆట రైళ్లు తెప్పించుకునేవాడు. పిల్లల కోసం అనుకునేరు, తన కోసమే! మన దిక్కు సంతల్లో చెక్కబండి తప్ప ఏం దొరికేది? గుంట మగ్గం చుట్టూ పలకలు పరిచి, వాటిమీద పట్టాలు బిగించి, నేత మధ్యలో అలసినప్పుడు రైలు తిప్పుకునేవాడు. యుద్ధం రాగానే పార్శిళ్లు ఆగిపోయాయి. పచ్చ ఇంజనుకు మూడు పెట్టెలుండాలి, రెండే వచ్చాయి. పడక బల్లలున్న మూడో పెట్టె కోసం ఆయన మూడేళ్లుగా ఎదురుచూస్తున్నాడు.

ఆ ఏడు దసరాకు మగ్గం తుడిచి, పోగును అటూ ఇటూ నడిపే నాడెలకు పసుపు కుంకుమ పెట్టి పూజ చేశాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఇంజను కూడా పనిచేసే సామానే కదా అనుకుని, తన దగ్గరున్న ఇంకో ఇంజనును, నల్లదాన్ని, చింతపండు నీళ్లలో ముంచి, ఇత్తడి పట్టీలు తళతళలాడేలా తోమి, బొట్టు పెట్టి పీట మీద కూర్చోబెట్టాడు. పదిహేను రోజుల తరువాత తాళం తిప్పుతుంటే లోపల టప్పుమంది. నా దుకాణానికి తెచ్చాడు. విప్పి చూస్తే మెయిన్ స్ప్రింగ్, అంటే బండిని నడిపే చుట్టల ఉక్కు పట్టీ, తుప్పుపట్టి రెండు ముక్కలైంది.

"సీమ స్ప్రింగే కావాలె చారీ. మనూరి ముక్క పెట్టకు," అన్నాడు.

బొంబాయికి ఉత్తరం రాశాను. యుద్ధం అయ్యేదాకా ఆశ వదులుకోమని జవాబు వచ్చింది. చంద్రయ్య మాత్రం రోజూ వచ్చి గడపలో నిలబడేవాడు. "వచ్చిందా?" అనే ఆ ఒక్క మాట వినలేక నాకు పిచ్చెక్కింది. ఒకరోజు పాత టైంపీసు స్ప్రింగు తీసి, కొస కాల్చి మెత్తబరిచి, కన్నం పొడిచి బిగించాను. ఆ కాల్చడాన్ని అనీలింగ్ అంటారు, అది చేయకపోతే ఉక్కు పగులుతుంది. ఇంజను పరుగెత్తింది. "బొంబాయి నుంచి వచ్చిందన్నా," అన్నాను. ఆయన ముఖంలో సంబరం చూసి అప్పుడే నాలుక కరుచుకున్నాను, కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

రెండు రోజులకే మళ్లీ వచ్చాడు. "ముందు ఏడు సుట్లు తిరిగేది. ఇప్పుడు ఆరే తిరుగుతుంది. ఏంది సంగతి?"

"కొత్త స్ప్రింగు గదా, జర సాగాలె," అన్నాను. అలా అబద్ధానికి ఇంకో అబద్ధం తోడైంది.

పుష్యమాసంలో ఒక పొద్దున ఇంజనును రేకు పెట్టెలో పెట్టుకుని, స్టేషన్‌కు పోతూ నా దుకాణం ముందు ఆగాడు. ముఖం వెలిగిపోతోంది.

"నా లెక్కనే ఆట రైళ్ల పిచ్చున్న వనపర్తి వకీలుసాబ్ దగ్గర ఆ మూడో పెట్టె ఉందంట చారీ! నల్ల ఇంజను ఇస్తే ఇస్తనన్నడు. లోపల ఒక్క మేకు గూడ మనోళ్లది లేదని మగ్గం మీద ఒట్టేసి కబురు పంపిన."

నేను ఊఁ అన్నాను, అంతే. ఆయన వెళ్లాక ఒక చేతి గడియారం విప్పి, మళ్లీ బిగించి, మళ్లీ విప్పాను. నేతగాడు మగ్గం మీద ఒట్టేస్తే అది మాటవరసకు వేసింది కాదు. నా ముక్క వల్ల ఆయన ఒట్టు తప్పుతుంది, పైగా అది ఆయనకు తెలియదు కూడా. తలుపు గొళ్లెం పెట్టానో లేదో గుర్తులేదు, పరుగెత్తాను. కదులుతున్న బండి ఎక్కి, డబ్బాలో జనాన్ని తోసుకుంటూ ఆయన పక్కన కూలబడ్డాను.

"అన్నా, అది సీమది కాదు. టైంపీసుది. నేనే కోసి పెట్టిన."

అప్పుడే బండి కృష్ణ వంతెన ఎక్కింది. చంద్రయ్య కిటికీలోంచి నీళ్లవైపు చూస్తున్నాడు. రేకు పెట్టెను నదిలోకి విసిరేస్తాడేమోనని దానిమీద చెయ్యి అడ్డం పెట్టాను. వంతెన దాటాక నావైపు తిరిగాడు.

"జరీల ఒక్క పోగు నకిలీది పడ్డా మగ్గం మీదనే తెంపేస్తం. గిది నీకు తెల్వదా?" అన్నాడు చివరికి. అరవలేదు. అరిచి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

వెనక్కి పోదామన్నాను. ఒప్పుకోలేదు. వనపర్తిలో వకీలు ముందు ఇంజను పెట్టి, "నా మాట తప్పు సాబ్. లోపల స్ప్రింగు గద్వాలది," అన్నాడు. వకీలు దాన్ని అటూఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేశాడు.

"మన్నించు చంద్రయ్యా. వేరేవాళ్ల చెయ్యి పడ్డ సరుకు నాకెందుకు?"

ఆ పడక పెట్టె అద్దాల బీరువాలో కనిపిస్తూనే ఉంది. చంద్రయ్య దాన్ని ఒక్కసారి చూసి చెప్పులు తొడుక్కున్నాడు. తిరుగు బండిలో నాకు దూరంగా వేరే బల్లమీద కూర్చున్నాడు. ఆ తరువాత నెలల తరబడి నా దుకాణం దిక్కే రాలేదు. సిగ్గుతో నేను నేతగాళ్ల వీధి మానేసి చుట్టూ తిరిగి ఇంటికి పోయేవాణ్ని.

మరుసటి దసరా ముందర చంద్రయ్య వచ్చి రేకు పెట్టె నా బల్లమీద పెట్టాడు.

"ఈసారి పొడిబట్టతోనే తుడిచిన," అన్నాడు. "స్ప్రింగు మంచిగనే ఉంది. ఇప్పి, లోపల రేకు మీద నీ పేరు, ఊరి పేరు చెక్కు."

"నా పేరెందుకన్నా?"

"రేపు ఎవలన్న ఇప్పితె నీ పని సీమోళ్లది అనుకోవద్దు."

వీరాచారి, గద్వాల అని చెక్కాను. కళ్లలో నీళ్లు తిరిగి ఒక అక్షరం వంకరపోయింది. అప్పటినుంచి ఏ గడియారం బాగుచేసినా, ఏది మార్చానో మూత లోపల గీసి, సొంతదారుకు చూపించాకే బిగిస్తున్నాను. ఆ పూట చంద్రయ్య తాళం తిప్పి ఇంజనును నా బల్లమీద వదిలాడు. అది బల్ల కొసదాకా పోయి ఆయన చేతిలో పడింది. అప్పుడు చూసుకున్నాను, నా కాలు ఊగడం లేదు.