ఎర్రబడిన నిమ్మకాయ

ఎనభైలలో ఎమ్మిగనూరులో చురుకైన పిల్లలకు ఆదివారాలు సైన్సు పాఠాలు చెప్పేవాణ్ణి. మందారపూలు రుద్దిన కత్తితో కోస్తే నిమ్మకాయ నెత్తురు కారినట్టు కనిపిస్తుందని చూపించాను. ఆరో తరగతి ఈరమ్మ అదే ఇంట్లో చేసింది.

మరుసటి ఆదివారం ఆ పిల్ల రాలేదు. నేను వాళ్లింటికి వెళ్లేసరికి వాకిట్లో జనం, డప్పులు. ఈరమ్మకు పసుపుచీర కట్టారు. వాళ్ల అవ్వ చేతిలో పూసలదండ ఉంది.

“నిమ్మకాయలో నెత్తురు చూపిచ్చి అమ్మవారు పిలిచినాది సారూ. ఇంగ దీనికి పెండ్లి లేదు. ఈ దండ కట్టి బసివినిగా ఇడుస్తాండాము.” బసివిని అంటే దేవత పేరు చెప్పి పెళ్లి లేకుండా ఊరి మగవాళ్ల పాలు చేసే ఆడపిల్ల.

“అవ్వా, అది మందారపూల రంగే!” అన్నాను. ఎవరూ వినలేదు.

ఈరమ్మ ఇంట్లోంచి నిమ్మకాయ, మందారం రుద్దిన కత్తి తెచ్చి అవ్వకిచ్చింది. “నువ్వే కొయ్యి అవ్వా.”

అవ్వ కోసింది. ఎర్రగా కారింది.

“అయితే దండ నీకే కట్టాల అవ్వా!” ఎవరో అరిచారు. జనం నవ్వారు. అవ్వ దండ పడేసింది.

ఆ నవ్వు పుట్టకపోయి ఉంటే? మహిమల గుట్టు బడిలో విప్పితే చాలదు, వాకిట్లోనూ విప్పాలి.