మొగిలి ఘాటు దాటి పరదేశానికి

మా అక్కను చిత్తూరులో బట్టల వ్యాపారం చేసే ఇంట్లో ఇచ్చారు. బావ భారీ మనిషి. అంగట్లో పరుపు మీద కూర్చుని గజంబద్దతో తానులు కొలవడమే ఆయన ఎరిగిన కసరత్తు. అలాంటి మనిషికి సైకిలు మీద పరదేశం పోవాలని బుద్ధి పుట్టించినవాడు ఎదురంగడి ఆసామి. యుద్ధం అంటుకోగానే ఆయన రంగూన్ నుంచి తిరిగొచ్చాడు. వాన కురిసినా, తమలపాకు వాడినా, ఎవరైనా తుమ్మినా, "అదే రంగూన్‌లో అయితే" అని మొదలుపెట్టేవాడు. బావ రెండేళ్ళు ఓర్చుకున్నాడు.

నేనప్పుడు బడిపంతులుగా కొత్తగా చేరాను. దసరా సెలవులకు వాళ్ళింటికి పోతే, బావ నన్ను పక్కకు పిలిచి విషయం చెప్పాడు.

"మైసూరు రాజ్యం తెల్లోడిది కాదు. ఆడ రాజు వేరే, మాట వేరే. అది పరదేశం గాకపోతే ఇంకేంది అబ్బా?"

"నలభై మైళ్ళుండాది బావా. మధ్యలో మొగిలి ఘాటు."

"పోయేటప్పుడు ఎక్కాల. వచ్చేటప్పుడు తొక్కే పనే లేదు గదా. సగానికి సగం లాభం."

వ్యాపారి లెక్కకు బడిపంతులు ఏం చెబుతాడు? ఆయనకు సొంత సైకిలుంది. నేను తోటి పంతులుది అడిగి తెచ్చుకున్నాను. అక్క పులిహోర అరిటాకుల్లో కట్టి, గుడ్డ చుట్టి, రెండు సైకిళ్ళ వెనకాలా బిగించింది. "మెట్లెక్కితేనే ఆయాసపడే మనిషి. జాగ్రత్తగా పిలుచుకోని రా సామీ," అని నాకు అప్పజెప్పింది.

తెల్లారకముందే బయలుదేరాం. బంగారుపాళెం దాకా బావ నాకంటే ముందే ఉన్నాడు. ఎదురొచ్చిన బండ్లవాళ్ళందరికీ అడగకుండానే "మైసూరు రాజ్యం పోతా ఉండాము" అని చెప్పాడు. మొగిలి దాటి ఏటవాలు మొదలయ్యాక చెప్పడం తగ్గింది. మొదటి మలుపులో దిగి సైకిలు నెట్టుకుంటూ నడిచాడు. రెండో మలుపులో సైకిలే ఆయన్ని నిలబెట్టింది.

మూడో మలుపులో ఒక బస్సు నిలబడి ఉంది. పెట్రోలు దొరకని రోజులవి. బస్సులు వెనకాల బొగ్గుల పొయ్యి తగిలించుకుని, ఆ బొగ్గు వాయువుతో నడిచేవి. ఎత్తు ఎక్కాలంటే వాటికి మా బావకున్నంత ఆయాసం. ప్రయాణికులంతా దిగి నెడుతున్నారు. మమ్మల్ని చూడగానే కండక్టరు ముఖం వెలిగింది.

"ఇద్దరు మొగోళ్ళు ఊరకే నడస్తా ఉండారే. మీ సైకిళ్ళు పైన ఏస్తాను. మీరు రెండు చేతులేయండప్పా."

అంతకంటే మంచి మాట ఆ ఉదయం మేం వినలేదు. సైకిళ్ళు, పులిహోర మూటలతో సహా, బస్సు నెత్తికెక్కాయి. మేం వెనక్కి పోయి భుజాలు ఆనించాం. సైకిలు నెట్టలేని మనిషి బస్సును నెట్టడానికి ఒప్పుకోవడంలో ఉన్న తిరకాసు ఆ క్షణాన ఇద్దరికీ తట్టలేదు. ముఖాన బొగ్గుపొగ, వీపున ఎండ. ఒకావిడ చంకలో కోడిపుంజును పెట్టుకుని ఒంటి చేత్తో మాకంటే బలంగా నెట్టింది.

ఘాటు పైకి చేరేసరికి ఇంజను దగ్గి, తుమ్మి, ఒక్కసారిగా అందుకుంది. అలవాటున్న ప్రయాణికులు పరిగెత్తి, కదిలే బస్సులోకి ఎక్కేశారు. కోడిపుంజు ఆవిడ కూడా ఎక్కింది. నేను కమ్మీ పట్టుకున్నాను గానీ, వెనక నుంచి "నన్నిడిసి పోతావా" అని బావ గొంతు వినిపించి వదిలేశాను.

"మా సైకిళ్ళప్పా," అని కేక వేశాను.

"నిలిపితే మళ్ళా పండుకుంటాది. పొలిమేర గేటు కాడ దించి పోతాను," అని కండక్టరు చెయ్యి ఊపాడు. బస్సు మలుపు తిరిగి కనబడకుండా పోయింది.

బావ రోడ్డు పక్క రాయి మీద కూలబడ్డాడు. చెప్పులిప్పి గులకరాళ్ళు దులుపుకున్నాడు. తర్వాత, "మనకంటే ముందు మన సైకిళ్ళు పరదేశం పోయినాయి," అన్నాడు.

పలమనేరు దాకా నడిచాం. అక్కడ బెల్లం బండి ఆసామి ఒకాయన దయతలచి ఎక్కించుకున్నాడు. మూతలేని బెల్లం దిమ్మెల మధ్య, వాసనకే ఆకలి రెట్టింపవుతుండగా, పొద్దు వాలేవేళకు పొలిమేర గేటు చేరాం.

సైకిళ్ళు గోడకానుకుని క్షేమంగా ఉన్నాయి. మూటలు లేవు. గేటు దగ్గర కాపలా ఉన్న పెద్దమనిషి కుర్చీలో కూర్చుని త్రేనుస్తున్నాడు. ఆయన కన్నడంలో గంభీరంగా ఏదో అన్నాడు. మాకు "అక్కి" అన్న ఒక్క మాటే తెలిసింది. అంటే బియ్యం.

"బియ్యం మాకాడ యాడుండాది? అది పులిహోర," అన్నాడు బావ.

ఆయన గంభీరం వదిలి మా తెలుగులోకే దిగాడు. "పులిహోర దేంతో చేస్తారు?"

"బియ్యంతో."

"పర్మిటు లేకుండా బియ్యం పొలిమేర దాటకూడదు గదా."

"మరి యాడ పెట్టినావు?"

"దాటకుండా ఈడనే ఆపినాను," అని ఆయన పొట్ట నిమురుకున్నాడు.

బావ కోపంగా నోరు తెరిచాడు. కోపం బదులు నవ్వు వచ్చింది. నిలబడలేక గోడ పట్టుకుని నవ్వాడు. ముందు బిత్తరపోయిన కాపలా మనిషి, మా బొగ్గు ముఖాలు చూసి తనూ మొదలుపెట్టాడు. పైగా తప్పు చేశానన్న బెంగ ఆయనకు లోపల ఉన్నట్టుంది. ఇంటికి తీసుకుపోయి, రాగిముద్ద, ఉలవచారు పెట్టించాడు. పులిహోరలో ఇంగువ ఎక్కువైందని కూడా చెప్పాడు. ఆ ఇల్లు గేటుకు ఒక ఫర్లాంగు లోపల. మా పరదేశయాత్ర అంతవరకే సాగింది. మర్నాడు ముందుకు పోదామని నేనన్నా, బావ కాళ్ళు ఒప్పుకోలేదు.

పొద్దున్నే తిరుగుముఖం పట్టాం. ఘాటు తల దగ్గర బావ తన సైకిలుకు వెనక బ్రేకు లేదని బయటపెట్టాడు. నిన్నటిదాకా అవసరం పడలేదట. అక్కడ ఎడ్లు విప్పుకున్న ఒక బండి ముసలాయన, చింతకొమ్మ విరిచి వెనకాల తాడుతో కట్టుకోమన్నాడు. అది నేలకు ఈడ్చుకుంటుంటే వేగం తగ్గుతుందట. నేనూ ఒకటి కట్టుకున్నాను.

ఉపాయం పనిచేసింది. దుమ్ము రేపుకుంటూ ఊరేగింపులా దిగుతుంటే, రెండో మలుపులో వెనక చప్పుడైంది. ముప్పై మేకలు లేత చింతాకు కోసం మా వెంట పరిగెత్తుకొస్తున్నాయి. వాటి వెనక ఒక అవ్వ కర్ర ఎత్తుకుని వస్తోంది.

"మేకల్ని మళ్ళించుకోని పోయేదానికి ఇదొక ఎత్తా రా? సైకిలు దొంగల్ని ఇప్పుడే సూస్తా ఉండా."

బావ సైకిలును గుట్టవైపు తిప్పి ఆపబోయి, దానితోపాటు పొదలో పడ్డాడు. లేచేలోపు మేకలు ఆయన చుట్టూ చేరి కొమ్మను నమలసాగాయి. పొదలోంచే ఆయన అవ్వకు దండం పెట్టాడు. "మేం దొంగలం కాదమ్మా. పరదేశం నుంచి వస్తా ఉండాము."

అవ్వ ఆయన్ని ఎగాదిగా చూసింది. "అందుకేనా ఈ అవతారం," అంది. తర్వాత చెయ్యిచ్చి లేపి, చొక్కాకు అంటిన ముళ్ళు ఒక్కొక్కటీ తీసింది.

కొమ్మలు మేకలకే వదిలేశాం. మిగిలిన వాలు తక్కువే. బావ చెప్పు చక్రానికి ఆనించి దిగాడు. మొగిలి వైపు నుంచి చల్లగాలి ఎదురొచ్చింది. తొక్కకుండానే సైకిళ్ళు పోతున్నాయి. బావ, కళ్ళలో నీళ్ళు గాలికి కారుతుంటే, చంటిపిల్లాడిలా నోరు తెరుచుకుని దిగాడు. ఆ ముఖం నేను అంతకుముందు చూడలేదు. అడుగుకు చేరాక ఆగి, పైకి చూసి, "ఇంకొక తూరి ఎక్కి దిగుదామా?" అన్నాడు.

నాకు సెలవులు ఇంకా అయిదు రోజులున్నాయి. ఒక్కసారి కాదు, మేం రెండుసార్లు ఎక్కాం.